కెమేరాలో ఏ రీలున్నది?



మన వంటయింటి జాడీలను ఒక్కమారు తలంపునకు దెచ్చుకొనుడు. ఏ జాడీలో ఆవకాయ యున్నది, దేనిలో చింతకాయ తొక్కున్నది, నిమ్మకాయ యూరబెట్టి ఎన్నాళ్లైనది, ఇవన్నియు వాసెన కట్టిన గుడ్డ రంగును బట్టియే మనకు తెలిసిపోవును. సందేహము కలిగినచో మూత తీసి, వాసన చూచి, మరల మూసిపెట్టుదుము. మూత తీసినంత మాత్రమున ఊరగాయకు వచ్చిన నష్టమేమియు లేదు. బియ్యపు డబ్బా యైనను, నగల పెట్టె యైనను అంతే. లోపల నేమున్నదో తెలియనప్పుడు తెరచి చూచుటయే లోకమందలి పద్ధతి.

ఈ పద్ధతికి లోబడని పెట్టె మన యిండ్లలో ఒక్కటి కలదు. అది రీలు వేసి ఫోటోలు తీయు పాత కెమేరా. దానిలో ఏమున్నదో చూతమని తెరచినచో ఉన్నది కాస్తయు పోవును. ఈ మాట మేము పుస్తకములో చదివి చెప్పుట లేదు. ఒక వేసవి మధ్యాహ్నము మా చేతులతో మేమే చేసిన పనిని చెప్పుచున్నాము.

మా మామగారు తపాలా గుమాస్తాగా పని చేసి, 2008వ సంవత్సరమున కాలము చేసిరి. మేమా యింటికి కోడలుగా వచ్చినది 2013లో. కావున ఆయనను మేము గోడమీది పటములో చూచుటయే గాని, ఆయన మాట విని యెరుగము. ఆయనకు ఫోటోలు తీయుటయనిన మిక్కిలి మక్కువ యని అత్తగారు చెప్పుచుందురు. ఆయన కెమేరా ట్రంకు పెట్టెలో, పాత పట్టు ధోవతిలో చుట్టి, కలరా ఉండల నడుమ పదునైదేండ్లకు పైగా పడియుండెను. చిత్తూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులైన మా వారు, కటకముల పాఠము చెప్పునపుడు పిల్లలకు నిజమైన కెమేరాను చూపవలెనని తలచి, దానిని తీసి తుడిచి యుంచుమని మాతో చెప్పి బడికి పోయిరి.

మేము వసారాలో కూర్చుండి మెత్తని గుడ్డతో కెమేరాను తుడిచితిమి. అత్తగారు ప్రక్కనే చింతపండు గింజలు తీయుచుండిరి. తుడుచుచు తుడుచుచు ఎడమవైపున నున్న చిన్న గుండ్రని మీటను పైకి లాగితిమి. టక్కుమని వెనుక తలుపు తెరచుకొన్నది. లోపల నిగనిగలాడు పట్టీ యొకటి ఈ కొననుండి ఆ కొనకు పరచుకొనియున్నది. అది యేమో మాకు తోచునంతలో అత్తగారు చేతిలోని పనిని ఆపి, "అందులో ఆయన తీసిన బొమ్మలు ఉండాయేమో అమ్మీ" అనిరి. అంతకుమించి ఆమె ఒక్క మాటయు అనలేదు. తలుపు మూసితిమి. కాని వైశాఖమాసపు ఎండకు ఆ రెండు క్షణములే చాలును.

తెరచినంత మాత్రమున ఎంత నష్టము కలుగునో తెలియవలెనన్న లోపలి యేర్పాటు కొంచెము తెలిసియుండవలెను. ముప్పదియైదు మిల్లీమీటర్ల రీలు ఒక చిన్న లోహపు డబ్బీలో చుట్టబడి వచ్చును. డబ్బీ నుండి నాలుకవలె బయటకు వచ్చిన కొసను లాగి, కుడివైపు కండెకు తగిలించి తలుపు మూయుదురు. ఒక్కొక బొమ్మ తీసినకొలది రీలు డబ్బీ నుండి వెడలి కుడివైపు కండెకు చుట్టుకొనుచుండును. అనగా తీయని భాగము డబ్బీలో క్షేమముగా నుండును. తీసిన బొమ్మలన్నియు డబ్బీ వెలుపల నుండును. తలుపు తెరచినచో చెడునవి తీసిన బొమ్మలే! కండెకు మొదట చుట్టుకొన్నవి లోపలి పొరలలో నుండుటచేత వానికి కొంత రక్షణ కలదు. పైపొరలో నుండునవి చిట్టచివర తీసినవి. కాబట్టి ఎండ మొట్టమొదట తినునది కడపటి బొమ్మనే.

ఆదిపర్వములోని వినత కథ మనమందరము వినినదే. కద్రువ గ్రుడ్లు పగిలి బిడ్డలు పుట్టుట చూచి, ఐదువందల యేండ్లు కాచుకొనియున్న వినత ఓర్వలేక, తన గ్రుడ్డు నొకదానిని తానే పగులగొట్టెను. తొడలులేని అనూరుడు, సగము దేహముతో, బయటకు వచ్చెను. వినతకు తొందర యైనను కారణమున్నది. మాకు అదియు లేదు; దుమ్ము తుడువబోయి చేసిన పని. ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు.

సాయంకాలము మా వారు వచ్చి, మమ్ము నేమియు అనక, కెమేరా అడుగునున్న చిన్న బొత్తామును నొక్కి, బాణపు గుర్తు చూపిన దిక్కుగా పిడిని మెల్లగా త్రిప్పి, రీలును డబ్బీలోనికి చుట్టిరి. డబ్బీ బయటకు వచ్చిన తరువాత గాని అది రంగు రీలనియు, ముప్పదియారు బొమ్మలదనియు, దాని వేగపు అంకె 400 అనియు మాకు తెలియలేదు. ఎన్ని బొమ్మలు తీసిరో తెలిపెడు చిన్న అంకె కెమేరా పైభాగమున నుండును. వెనుక తలుపు తెరచినంతనే అది మొదటికి తిరిగిపోవును. తెరచుటకు ముందు దానినైన మేము చూడలేదు. మా యూరిలో రీలు కడుగువారు ఇప్పుడు లేరు. చెన్నైకి పంపితిమి. ఒక నెల పట్టునని చెప్పిరి.

ఆ నెలరోజులును మేము ఊరకుండలేక, ఈ చిక్కునకు లోకములో ఎవరెవరు ఏమేమి ఉపాయములు కనుగొనిరో తెలిసికొనుటకు పూనుకొంటిమి. తెలిసినకొలది ఆశ్చర్యము కలిగినది. కెమేరా పుట్టిన నాటినుండి దీనితోకూడ ఈ చింతయు పుట్టినదే.

రీలు రాకమునుపు గాజుపలకల కాలము. హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళుగారు (1844–1905) గాజుపలకలమీదనే బొమ్మలు తీసిరి. ఘోషాలో నుండు స్త్రీలకొరకు 1892లో ఆయన జనానా స్టూడియోను ప్రత్యేకముగా నెలకొల్పిరి. దానిని నడిపినది ఒక ఆంగ్ల వనిత. అక్కడ ఒక్కొక బొమ్మకు ఒక్కొక పలక. చీకటి గదిలో పలకను నల్లని చట్రములో పెట్టి తెచ్చి, బొమ్మ తీసి, మరల చీకటి గదికి కొనిపోవలెను. ఆయన పలకలమీద పేరును అంకెను వ్రాసిపెట్టుట చేతనే నేటికిని ఆ బొమ్మలను వరుసగా గుర్తించగలుగుచున్నారు. పెద్ద కెమేరాలవారి పద్ధతి యింకొకటి మాకు మిక్కిలి నచ్చినది. చట్రము ముందరి పలుచని రేకునకు ఒక ప్రక్క తెలుపు, ఒక ప్రక్క నలుపు. తెలుపు పైకున్నచో ఇంకను తీయలేదని, నలుపు పైకున్నచో తీయుట యైనదని యర్థము. అక్షరము రానివారికిని, అర్ధరాత్రి నిదురమత్తులో నున్నవారికిని తెలియును.

తరువాత వచ్చినది కాగితము చుట్టిన వెడల్పాటి రీలు. దీనిని 120 అందురు; 1901లో పుట్టి నేటికిని బ్రతికియున్నది. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమేరాను మన తల్లుల కాలపు ఇండ్లలో చూచినవారు ఇది చదువువారిలో పలువురుందురు. దాని వీపున ఎర్రని చిన్న కిటికీ. రీలు వెనుకటి కాగితముమీద అచ్చువేసిన అంకెలు ఆ కిటికీలో ఒకటొకటిగా కనబడును. పండ్రెండు బొమ్మలు కాగానే కాగితమంతయు చుట్టుకొని, దాని కొసనున్న బంక పట్టీని అంటించినచో "తీయబడినది" అను ఇంగ్లీషు మాట బయటికి కనబడుచుండును. ఇంత తేటయైన యేర్పాటు మరల రాలేదని మా యభిప్రాయము. లోపమొక్కటే: బొమ్మ తీసిన తరువాత చుట్టుట మరచినచో ఒకదానిపై నొకటి పడును.

1914లో కోడక్ కంపెనీవారు ఇంకను విచిత్రమైన కెమేరాను అమ్మిరి. దాని వీపున చిన్న తలుపు. బొమ్మ తీయగానే ఆ తలుపు తెరచి, ఇనుప పుల్లతో కాగితముమీద "ఫలానివారు, ఫలాని నాడు" అని వ్రాసి, కొన్ని క్షణములు వెలుతురు తగులనిచ్చి మూయవలెను. రీలు కడిగినప్పుడు ఆ వ్రాత రెండు బొమ్మల నడుమ వెలసియుండును! హెన్రీ గైస్మన్ అను నాయన కనిపెట్టిన యుపాయమిది. ఇంచుమించు రెండు దశాబ్దులకు అదియు అంతరించినది. మానవులకు బొమ్మ తీయుటకున్న ఓపిక పేరు వ్రాయుటకు ఉండదు కాబోలు.

1934లో లోహపు డబ్బీ రీలు వచ్చిన తరువాత చిక్కు పెరిగినది. వెనుక కాగితము లేదు, ఎర్ర కిటికీ లేదు, అంకె తప్ప వేరు గుర్తు లేదు. అందుచే కొన్ని కెమేరాల వీపున చిన్న లోహపు చట్రమును అమర్చిరి. రీలు వచ్చిన అట్టపెట్టె చెవిని కత్తిరించి అందులో దోపినచో చాలును. రీలు పేరును వేగమును అదియే చెప్పును. 1983లో కోడక్ వారు డబ్బీకి నలుపు, వెండిరంగు గళ్లు వేసిరి. కెమేరా తనంతట తానే ఆ గళ్లను తాకి వేగమును తెలిసికొనును. ఇది గొప్ప సౌకర్యమే. కాని చిత్రమేమనగా, కెమేరాకు తెలిసినది ఇంటివారికి తెలియలేదు. అటుపిమ్మట వచ్చిన కెమేరాలలో కొన్నిటి వీపున సన్నని అద్దపు కిటికీ పెట్టిరి. డబ్బీమీది అక్షరములు దానిలోనుండి కనబడును. 1996లో వచ్చిన ఏపీయస్ అను రీలు డబ్బీకైతే నాలుగు గుర్తులు: పూర్ణచక్రమైన తీయనిది, అర్ధచక్రమైన సగము తీసినది, ఇంటుగుర్తైన అంతయు తీసినది, చదరమైన కడిగినది. ఎంత ముచ్చటగా నున్నది! మా ప్రాంతమున దానిని మేము చూడలేదు. 2011లో ఆ రీలు తయారీయే ఆగిపోయినది.

మన దేశమున నీలగిరులలో ఉదకమండలమున 1960లో నెలకొల్పిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి "ఇందు" రీళ్లను మా మామగారు వాడెడివారని అత్తగారికి జ్ఞాపకము. ఆ కర్మాగారమును ఇప్పుడు లేదు.

ఇంతకును ఏ రీలో తెలియకున్న వచ్చు నష్టమేమని యెవరైన అడుగవచ్చును. నష్టము రెండు చోట్ల కలదు. వేగపు అంకె 100 ఐన రీలుకు ఎండ కావలెను. 400 రీలునకు అందులో నాలుగవ వంతు వెలుతురు చాలును. మొదటిది లోపల నుండగా రెండవదని తలచి పెండ్లి పందిటిలో తీసినచో బొమ్మలన్నియు చీకటిపాలు. రెండవ నష్టము కడుగునపుడు. రంగు రీలుకు ఒక రసాయనము, నలుపు తెలుపు రీలుకు వేరొకటి, తెరపై వేసి చూపెడు స్లైడు రీలుకు ఇంకొకటి. మామూలు నలుపు తెలుపు రీలును పొరబాటున రంగు రీళ్ల రసాయనములో వేసినచో వెండి యంతయు కరగిపోయి, ఒక్క బొమ్మయు మిగులక, గాజువంటి పట్టీ చేతికి వచ్చును. 1935లో వచ్చిన కోడక్రోము అను రీలును రంగులలో కడుగుటయే 2010 చివరతో ఆగిపోయినది. ఇప్పుడెవరి పెట్టెలోనైన ఆ రీలు దొరకినచో నలుపు తెలుపుగా తీయించుకొనుటకు ప్రయత్నింపవలెనే గాని రంగులు మరి రావు.

మన తిరుపతి ప్రాంతపు ఇండ్లలో రీలు కథ యెట్లు నడచెడిదో చెప్పెదము. ఇది మా పుట్టింటి మాట. 1990ల చివర మా నాయనగారి యొద్ద నొక కెమేరా యుండెడిది. ముప్పదియారు బొమ్మల రీలు ఒక్క నాట ఎవరును పూర్తి చేయరు, ఖర్చు గదా! మా తమ్మునికి పుట్టువెండ్రుకల మ్రొక్కు. కొండకు పోయి కల్యాణకట్టకు పోకమునుపు రెండు బొమ్మలు, గుండుతో రెండు బొమ్మలు, చందనము పూసుకొని తాత యొడిలో ఒకటి. ఆలయములోనికి కెమేరా కొనిపోరాదు కనుక దానిని బసలో నుంచి దర్శనమునకు పోయితిమి. దిగివచ్చిన తరువాత తిరుచానూరులో మూడు. ఎనిమిది బొమ్మలతో రీలు ఇంటికి వచ్చి బీరువాలో కూర్చుండెను. తరువాత ఎవరో యింటికి వచ్చినపుడు కొన్ని, అక్క శ్రీమంతమునకు కొన్ని. పూర్తి యైన పిమ్మట నాయనగారు రీలును డబ్బీలోనికి చుట్టిరి గాని, నాలుక కొస లోనికి పోకముందే ఆపి, తీసి, తరువాత కడిగింపవచ్చునని బీరువా సొరుగులో వేసిరి. ఆ సొరుగులోనే క్రొత్త రీలొకటి యుండెను.

వచ్చిన మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. జాతరలో దినమునకొక వేషము: బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము, దొర వేషము, మాతంగి వేషము. మా చిన్నాయన బొమ్మలు తీయుటకు సొరుగులోని రీలు తీసి వేసిరి. నాలుక బయటకున్న రీలు చూచుటకు క్రొత్తదానివలెనే యుండును. కడిగించి తెచ్చిన ప్రింట్లు చూడవలెను! తాత యొడిలో గుండుతో నున్న తమ్మునిమీద బొగ్గు పూసుకొన్న తోటి వేషగాడు. శ్రీమంతపు పీటమీద కూర్చున్న అక్క నెత్తిన వేపమండలతో ఎవరో పోవుచుండిరి. చుట్టుప్రక్కల పిల్లలందరును వచ్చి పకపక నవ్విరి. సినిమాలో ఒకే నటుడు ఇరువురై కనబడవలెనన్న పూర్వము ఇట్లే రీలును వెనుకకు త్రిప్పి రెండుమార్లు తీసెడివారట. వారికది విద్య, మనకిది గ్రహచారము. మా అమ్మ మాత్రము నవ్వలేదు. ఆ తాత ఆ సంక్రాంతికే పోయిరి. చందనపు గుండుతో నున్న మనుమని ఎత్తుకొన్న ఆయన బొమ్మ అదొక్కటే.

చూడుడు, రెండిండ్లలోను నష్టము వాటిల్లినది ఒక కాగితపు ముక్క లేకపోవుటచేతనే. ఇప్పుడు మేమనుసరించు పద్ధతిని చెప్పెదము.

రీలు వేసిన చేతితోనే చీటీ వ్రాయవలెను. భోజనమైన తరువాత వ్రాతమన్న మాట పనికిరాదు. చీటీమీద రీలు పేరు, వేగపు అంకె, రంగుదా నలుపు తెలుపుదా, ఎన్ని బొమ్మలది, వేసిన తేదీ. కెమేరా వీపున చట్రమున్నచో అట్టపెట్టె చెవిని అందులో దోపుడు. లేనిచో గాయములకు వేయు గుడ్డ పట్టీ నొక ముక్క కత్తిరించి అంటించి, పెన్సిలుతో వ్రాయుడు. సిరా చెమటకు చెరుగును. కెమేరా సంచిలోనో, తోలు తొడుగుపైననో అంటించిన ప్రయోజనము లేదు. సంచి యొకచోట, కెమేరా యొకచోట నుండుట ప్రతి యింటి యాచారము.

మరియొక మాట. రీలు తీసివేసినప్పుడు చీటీని చించి పారవేయుట చాలదు. చీటీ లేని కెమేరా ఖాళీ కెమేరాయో, చీటీ వ్రాయ మరచిన కెమేరాయో ఎట్లు తెలియును? అందుచే "ఖాళీ" అని వ్రాసి అంటించవలెను. ఈ సంగతి మాకు తోచుటకు మూడు నెలలు పట్టినది. మా వారు పిల్లల నోటుపుస్తకములలో తేదీ లేకున్న ఎర్ర సిరాతో చుట్టుదురు గాని, తాము రీలు మార్చినపుడు చీటీ మార్చుట మాత్రము మరచెదరు. ఆ సంగతి ఇచట వ్రాయుదునని చెప్పియే వ్రాయుచున్నాము.

వేగపు అంకెను మార్చు మీట గల కెమేరాలలో ఆ మీటను నమ్మరాదు. అది పాత రీలు అంకెను చూపుచు మౌనముగా కూర్చుండును. చీటీని చూచి మీటను సరిచూచుకొనవలెనే గాని, మీటను చూచి చీటీ వ్రాయరాదు.

తీసిన రీలును నాలుక కొసతో సహా పూర్తిగా లోనికి చుట్టివేయుడు. నాలుక లేని డబ్బీ తీసినది, నాలుకయున్న డబ్బీ తీయనిది. ఈ ఒక్క కట్టుబాటు మా పుట్టింట నుండియుండినచో తాత బొమ్మ మాకు దక్కెడిది.

ఇక తాతలనాటి కెమేరా ట్రంకు పెట్టెలో నున్నవారు చేయవలసిన పని. తెరవకుడు. మొదట అంకెల కిటికీ చూడుడు. ఏదైన అంకె యున్నచో వ్రాసికొనుడు. వీపున అద్దపు కిటికీ యున్నదేమో చూడుడు. చేతితో చుట్టెడు కెమేరా యైనచో, ఎడమవైపు పిడిని పైకి లాగక, బాణపు గుర్తు దిక్కుగా మిక్కిలి మెల్లగా త్రిప్పుడు. కొంచెము వదులుగా తిరిగి పిమ్మట బిగిసినచో లోపల రీలున్నది. ఎంత త్రిప్పినను వట్టిగా తిరుగుచుండినచో సాధారణముగా ఖాళీయే; ఐనను రీలు తెగియుండవచ్చును గనుక మొదటిసారి రాత్రిపూట, దీపమార్పిన గదిలో తెరచుట మంచిది. రీలున్నదని తెలిసినచో అడుగు బొత్తాము నొక్కి పూర్తిగా వెనుకకు చుట్టి, బిగువు పోయి పిడి తేలికగా తిరిగిన తరువాత గాని తలుపు జోలికి పోరాదు. పొరబాటున తెరచినచో కంగారుపడి రీలును లాగివేయక, తత్క్షణమే మూయుడు. లోపలి పొరలు దక్కును.

మన సీమ యెండలకు రీలు త్వరగా చెడును. రేకుల కప్పు క్రిందను, కారులోను ఉంచరాదు. వాడని రీళ్లను శీతలపు పెట్టెలో ఉంచువారు, బయటకు తీసిన తరువాత కొన్ని గంటలు ఆగి గాని డబ్బా మూత తీయరాదు, చెమ్మ పట్టును.

ఫోను చేతిలో నుండగా ఈ రీళ్ల గొడవ ఎందుకని మా ఆడపడుచు అడిగినది. ఫోను తేదీని, గంటను, చోటును తానే వ్రాసికొనును, నిజమే. మేమును నిత్యము దానితోనే తీయుచున్నాము. కాని ఆమె అడిగిన ఆ దినముననే చెన్నై నుండి ప్రింట్లు వచ్చినవి. సంచి విప్పిన తరువాత ఆ ప్రశ్న ఆమెయే మరల అడుగలేదు.

ఎనిమిది బొమ్మలు వచ్చినవి. మొదటి ఆరును ఆశ్చర్యకరముగ తేటగా నున్నవి. వాకిట సంక్రాంతి ముగ్గు. వేపచెట్టు క్రింద ఈనిన ఆవు, దూడ. చంద్రగిరి కోటలో రాజమహలు ముందర, ఇరువదియేండ్ల ప్రాయమున, ఎముకలగూడువలె మా వారు. ఏడవదియు ఎనిమిదవదియు నిప్పురంగు పొగలో మునిగియున్నవి. ఎనిమిదవదానిలో ఒక చేయి మాత్రము తెలియుచున్నది. ఆపైన అంతయు బోసి.

అత్తగారు బొమ్మలను ఒకటొకటే చూచి, లేచి పోయి, ట్రంకు పెట్టె అడుగునుండి ఒక పుస్తకము తెచ్చిరి. మామగారి ఖర్చుల పుస్తకము. పాలవాని లెక్క, కిరాణా లెక్కల నడుమ ఒక పుట విడిచి రీలు లెక్క. "400 రంగుది. 36." అని పైన. క్రింద వరుసగా అంకెలు, ఎదురుగా ఒక్కొక పంక్తి. "1. ముగ్గు. 2. ఆవు." ఆరవ పంక్తి ప్రక్కన ఆయన చేతివ్రాత: "మీట 100లోనే యున్నది. ఇప్పుడు చూచితిని. మార్చితిని." అనగా మొదటి ఆరు బొమ్మలకు ఆయన పొరబాటుచేత నాలుగింతల వెలుతురు తగిలినది. రంగు రీలు అధికమైన వెలుతురును సహించును. పైగా ఇన్నేండ్ల పాతబడుటకు ఆ అధికమే కాపుదలయైనది. లోపలి పొరలలో నుండుటయు తోడ్పడినది. ఆయన లెక్క తప్పినవి దక్కినవి. లెక్క సరిచేసి తీసినవానిని మేము పోగొట్టితిమి.

పట్టీ పందొమ్మిదితో ఆగినది. అత్తగారు కండ్లజోడు సవరించుకొని చివరి పంక్తిని పైకి చదివిరి: "19. ఆమె. పెరటిలో. తెలియకుండ."

కొంతసేపటికి, "నన్ను ఎప్పుడు తీసినారో నాకు తెలీనే తెలీదు" అనిరి. పుస్తకమును మాకీయక తమ మంచము తలదిండు క్రింద పెట్టుకొనిరి.

ఆ పుస్తకములో మిగిలిన తెల్లకాగితములు చాల కలవు. మరునాడు అత్తగారే దానిని తెచ్చి, అదే పుటలో క్రింద ఒక గీటు గీయించి, మా చేత వ్రాయించిరి. ఇప్పుడు కెమేరాలో నున్నది నలుపు తెలుపు రీలు, వేగము 400, ముప్పదియారు బొమ్మలది. వీపున చీటీ యున్నది, మీట సరిచూచితిమి. పదునొకండు తీసితిమి. అందులో నాలుగవదాని కెదురుగా "అత్తగారు, పెరటిలో, చెప్పి" అని యున్నది.